సీసపు కవచము: మన పాఠములోని కొఱత

ఆళ్లగడ్డ నుండి నంద్యాలకు వచ్చి చదువుకొనుచున్న విద్యార్థి ఒకడు ఇటీవల నన్నొక ప్రశ్న అడిగినాడు. అతని తల్లికి నంద్యాలలో తుంటి ఎక్స్-రే తీసినారు. పొత్తికడుపుపై సీసపు కవచము కప్పలేదు. "ఇది నిర్లక్ష్యము కాదా, సార్?" అని అతని ప్రశ్న. ఈ మాట విని ఆ తల్లి, డాక్టరు వ్రాసిన సి.టి. స్కానుకు రానన్నదట. ఈ భయమునకు కొంత బాధ్యత ఉపాధ్యాయులమైన మనదే. "ఎక్స్-కిరణములను సీసము ఆపును" అని చెప్పి పాఠము ముగించుచున్నాము.

ఆ మాట నిజమే. ఎక్స్-కిరణములు ఈగలలో ఉత్పరివర్తనములు కలిగించునని 1927లో ముల్లర్ చూపెను. అట్టి మార్పులు మానవ సంతానమునకును సంక్రమించునను భయముతో 1950 ప్రాంతమున వృషణములు, అండాశయములు అను బీజకోశములపై కవచము కప్పు ఆచారము వ్యాపించినది. నాడది వివేకమే. కాని హిరోషిమా, నాగసాకి బాధితుల సంతానమును దశాబ్దముల తరబడి పరిశీలించినను వంశపారంపర్య హాని స్పష్టముగా కనబడలేదు. అవయవముల హానిని తూచుటకు అంతర్జాతీయ వికిరణ రక్షణ సంఘము వాడు గుణకము బీజకోశములకు 1977లో 0.25; 2007లో అది 0.08 మాత్రమే. యంత్రములును మెరుగుపడి, కటిభాగపు అవయవములకు చేరు మోతాదు 1950 నాటికంటె 95 శాతము వరకు తగ్గినది.

పైగా కవచము కీడు చేయవచ్చును. అండాశయముల స్థానము అందరిలో ఒక్కటి కాదు; కప్పిన సీసము వాటిని తప్పిపోవచ్చును. చూడవలసిన ఎముకను మరుగుపరచినచో చిత్రము మరల తీయవలెను. స్వయంచాలక యంత్రములో సీసము గ్రాహకమునకు అడ్డువచ్చినచో, కిరణములు చాలలేదని యంత్రము మోతాదును పెంచును! శరీరము లోపలనే చెదరు కిరణములను పైకవచము ఆపజాలదు. అందుచేతనే 2019లో అమెరికా వైద్య భౌతికశాస్త్రజ్ఞుల సంఘము ఈ ఆచారమును మానుమని సలహా ఇచ్చినది.

అట్లని జాగ్రత్త వలదని కాదు. ప్రకృతి నుండి సగటున ఏటా 2.4 మిల్లీసీవర్టులు మనకు సోకును. ఛాతీ ఎక్స్-రే సాధారణముగా 0.1కి మించదు, ఉదరపు సి.టి. స్కాను 8 లేక 10 కావచ్చును. అవసరమైన పరీక్షనే చేయుట, కిరణపుంజమును కావలసిన భాగమునకే పరిమితము చేయుట, పిల్లలకు మోతాదు తగ్గించుట - ఇవియే అసలు రక్షణలు. గర్భవతి ఆ సంగతి ముందే చెప్పవలెను. రోగిని పట్టుకొని గదిలో నిలువక తప్పనివారికి సీసపు ఆప్రాను నేటికిని అవసరమే.

కావున కవచము కప్పకపోవుట తప్పు కాదు. ఎందుకు కప్పలేదో రోగికి ఒక్క మాటైనను చెప్పకపోవుట తప్పు. మన విద్యార్థులకు నేర్పవలసిన ప్రశ్నలు వేరు: ఈ పరీక్ష అవసరమా? పాత ఫిల్ము పనికిరాదా? అల్ట్రాసౌండు చాలదా? యంత్రమునకు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉన్నదా? ఇవి అడుగగల కుమారుడుండిన తల్లి, అవసరమైన స్కానుకు భయపడి ఇంట కూర్చుండదు.