ఇళయరాజా నడిచిన దారి: 'ప్రతిభ' అనే మాట దాచేదేమిటి?

ఇళయరాజా గురించి మన పత్రికల్లో వచ్చే రాతలు చాలామటుకు ఒకే మాట చుట్టూ తిరుగుతాయి. ఆ మాట 'ప్రతిభ'. భక్తి ఎక్కువైన వాళ్లు దాన్నే దైవదత్తం అంటారు. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మాలాంటి వాళ్లకు ఈ మాట కొత్తదేం కాదు. 1990 మండల్ గొడవ నుంచీ దీన్నే 'మెరిట్' అని వాడల పిల్లల ముఖాన విసురుతున్నారు. మాకు లేదన్న దాన్నే ఆయనకు దండిగా ఉందంటున్నారు. రెండుచోట్లా ఆ మాట చేసే పని మాత్రం ఒక్కటే. మనిషి ఎక్కణ్ణుంచి బయల్దేరాడు, దారిలో ఎవరెవరు ఏం నేర్పారు, ఎవరికి ఎంత బాకీ ఉన్నాడు అనే లెక్కను అది చెరిపేస్తుంది. ఆ లెక్కను మళ్లీ రాసుకోవాలని మా ఉద్దేశం.

ఇళయరాజా 1943లో అప్పటి మదురై జిల్లా పణ్ణైపురంలో పుట్టాడు. ఇప్పుడది తేని జిల్లా. పరైయర్ కుటుంబం. పరై మన డప్పుకు దగ్గరి చుట్టం. అన్న పావలర్ వరదరాజన్ కమ్యూనిస్టు పార్టీ వేదికల మీద పాటగాడు. తమ్ముడు చిన్న వయసులోనే ఆ బృందంలో చేరి ఊరూరా తిరిగాడు. ఎన్నికల సభలో పాట ఎట్లా కట్టాలి? జనం నోట్లో నానిన వరసలో కొత్త మాట ఎట్లా కూర్చాలి? అలసిపోయి వచ్చిన కూలీని పాటతో ఎట్లా కూర్చోబెట్టాలి? ఇవన్నీ ఆయన అక్కడే నేర్చాడు. మన దగ్గర ప్రజానాట్యమండలి నుంచి మద్రాసు స్టూడియోలకు చేరిన కళాకారుల దారి లాంటిదే ఇదీను. ఆయన తొలి సంగీత పాఠశాల రాజకీయ వేదిక. 'దైవదత్తం' అనేవాళ్లు ముందుగా చెరిపేసేది దీన్నే.

1968లో మద్రాసు చేరాడు. ధనరాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చాడు, స్వరలిపి రాయడం చదవడం పట్టుబడ్డాయి. లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల గిటార్ పరీక్షలో బంగారు పతకం తెచ్చుకున్నాడు. సలీల్ చౌదరి లాంటి సంగీత దర్శకుల వాద్యబృందాల్లో గిటార్ వాయించాడు. జి.కె. వెంకటేశ్ దగ్గర సహాయకుడిగా ఎన్నో కన్నడ సినిమాలకు పనిచేశాడు. కర్ణాటక సంగీతం టి.వి. గోపాలకృష్ణన్ దగ్గర నేర్చాడు. బడిలో రాజయ్య అయినవాణ్ణి ధనరాజ్ మాస్టర్ రాజా అన్నాడు. అప్పటికే ఎ.ఎం. రాజా ఉన్నాడు గనక నిర్మాత పంచు అరుణాచలం ముందు 'ఇళయ' చేర్చాడు. చిన్న రాజా అన్నమాట. 1976లో 'అన్నక్కిళి' వచ్చేసరికి ఆయనకు దాదాపు 33 ఏళ్లు. మద్రాసులో ఎనిమిదేళ్లు ఒకరి కింద పనిచేశాకే సొంత పేరు తెరకెక్కింది.

స్టూడియో కూలి దొరికే చోటు. అక్కడ కులం లేదని మేం అనడం లేదు. కానీ సభా సంగీతం గురుపరంపరను, ఇంటిపేరును, అగ్రహారాన్ని అడిగిన కాలంలో స్టూడియో ముందుగా అడిగింది వేరే. ముందు పెట్టిన కాగితం చూసి, ఇచ్చిన గంటల్లో తప్పులేకుండా వాయించగలవా అని అడిగింది. సభ తలుపు మూసుకున్న చోట ఈ పక్కదారి తెరుచుకుంది. వాడ నుంచి వచ్చిన మనిషి నడవగలిగిన దారి అదే.

మరి ఆ దారిలో పుట్టిన సంగీతాన్ని ప్రభుత్వం ఎట్లా గుర్తించింది? జాతీయ అవార్డుల లెక్క చూడండి. సంగీత దర్శకత్వానికి మూడు వచ్చాయి: 'సాగరసంగమం' (1983), తమిళ 'సింధుభైరవి' (1985), 'రుద్రవీణ' (1988). రెండు మన తెలుగువే గదా అని మురిసిపోతాం. మూడు కథలూ శాస్త్రీయ నృత్యం చుట్టూనో, శాస్త్రీయ సంగీతం చుట్టూనో తిరిగేవే. తమిళ పల్లెపాటను సినిమా సంగీతం నడిమధ్యకు తెచ్చిన 'అన్నక్కిళి'కి ఆ అవార్డు లేదు. '16 వయదినిలే' (1977)లో పాడిన ఎస్. జానకికి జాతీయ అవార్డు వచ్చింది, ఆ పాట కట్టినవాడికి రాలేదు. కరగాట్టం ఆడేవాళ్ల బతుకు మీద తీసిన 'తారై తప్పట్టై'కి ఇచ్చారు గానీ అది నేపథ్య సంగీతానికి. సినిమా 2016లో వచ్చింది. తొలి సినిమాకూ దానికీ మధ్య నలభై ఏళ్లు. న్యాయనిర్ణేతలు కూడబలుక్కున్నారని మా అభియోగం కాదు. వాళ్ల చేతిలోని కొలబద్ద ఏదో చెప్తున్నాం. వాడవాడు శాస్త్రీయంలో ఎంత ఎత్తు ఎదిగాడో అది కొలుస్తుంది. శాస్త్రీయం వాడను ఎంత అర్థం చేసుకుందో కొలవదు.

'సింధుభైరవి'లో ఒక ఘట్టం ఉంది. తెలుగు కీర్తనలు పాడే విద్వాంసుణ్ణి, జనానికి అర్థమయ్యే తమిళంలో ఎందుకు పాడవని సింధు నిలదీస్తుంది. నిలదీసి తనే పల్లెపాట ఎత్తుకుంటుంది. సభ చప్పట్లు కొడుతుంది. కానీ ఆ పాట వెళ్లి వెళ్లి త్యాగరాజ కీర్తనలో కలుస్తుంది. కాంభోజిలో పాడుకునే ఆ కీర్తనను ఇళయరాజా సారమతిలో కట్టాడు. సంగీతం తెలిసినవాళ్లు ఇప్పటికీ ఆ మార్పు గురించే మాట్లాడుకుంటారు. ఆ సాహసం చిన్నదేం కాదు. అయినా పల్లెపాట సభలో నిలబడాలంటే చివరికి కీర్తన చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. ఇంకోమాట. తమిళ శ్రోతకు అందని ఆ తెలుగు మన మాలమాదిగ వాడలకు మాత్రం ఎప్పుడందింది? ఆ భాష మనదే అని గర్వపడే ముందు ఈ సంగతి ఆలోచించాలి.

'రుద్రవీణ' ఇంకా సూటిగా దొరుకుతుంది. బిలహరి గణపతి శాస్త్రి మడి సంగీతాన్ని ఆయన కొడుకే ధిక్కరిస్తాడు, కింది కులపు పిల్లను ప్రేమిస్తాడు, పాటను ఊళ్లోకి తెస్తాడు. మంచి సినిమాయే. కానీ తెరమీద గోడ కూల్చే హక్కు గోడకు లోపలున్న వాడికే దక్కింది. గోడ అవతల నుంచి నిజంగా దాటి వచ్చినవాడు తెరవెనక ఉన్నాడు. శాస్త్రిగారి రాగమూ, కొడుకు తిరుగుబాటు పాటా రెండూ ఆయన కట్టినవే. ఈ సంగతి పట్టించుకున్న సినిమా విమర్శ మాకు కనపడలేదు.

ఆయన మనవాడేనా అని మిత్రులు అడుగుతారు. కులాన్ని తన సంగీతానికి గుర్తుగా ఆయన పెట్టుకోలేదు. 2022 ఏప్రిల్‌లో అంబేడ్కర్‌నూ ప్రధాని మోదీనీ పోల్చే పుస్తకానికి ముందుమాట రాశాడు. అదే ఏడాది జులైలో రాజ్యసభకు నామినేట్ అయ్యాడు. ఎర్రజెండా కింద పాడిన అన్న బాట నుంచి ఇది చాలా దూరం. ఆ ముందుమాటతో మాకు ఏకీభావం లేదు, ఆ మాట దాచుకోం. కానీ ఆయన రాజకీయం నచ్చలేదని ఆయన దారిని పరిశోధించడం మానేస్తే, మళ్లీ దాన్ని భజనపరులకే వదిలేసినట్టు.

2017లో తన పాటలు వేదికలపై పాడే విషయంలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి నోటీసు పంపినప్పుడు మనవాళ్లు చాలామంది పేరాశ అన్నారు. చేసిన పని మీద హక్కు అడగడం పేరాశ ఎట్లా అవుతుంది? తరతరాలుగా వెట్టికి డప్పు కొట్టిన కులాలకు ఈ ప్రశ్న బాగా తెలుసు. అయితే ఈ ప్రశ్న ఆయన దగ్గర ఆగదు. నాట్లేసే ఆడవాళ్ల బాణీలు, చావుకూ జాతరకూ కొట్టే దరువులు సినిమాలోకి వచ్చాక 'జానపదం' అన్న ఒక్క మాట కింద ఎవరివీ కాకుండా పోయాయి. వాటి హక్కు ఎవరడగాలి?

మన పరిశోధకుల ముందున్న పని ఇది. మద్రాసు, హైదరాబాదు స్టూడియోల్లో డప్పు కొట్టినవాళ్లు, కోరస్ పాడినవాళ్లు ఇంకా బతికున్నారు. క్యాసెట్ అట్టల మీద వాళ్ల పేర్లు లేవు. ఏ వాడ నుంచి వచ్చారు, ఎవరు నేర్పారు, రోజుకు ఎంతిచ్చారు అని వాళ్లనే అడిగి రాసుకోవాలి. ఇళయరాజా ఒక్కడే ఎందుకు పైకి కనపడ్డాడో ఆ చరిత్ర రాసినప్పుడే తెలుస్తుంది. అది తెలియనంతకాలం ఆయన్ను అద్భుతం అంటూనే ఉంటారు, మిగతావాళ్లకు ప్రతిభ లేదనీ అంటూనే ఉంటారు.