కథలలోని కలహము, మన ఇంటిలోని బిందె



గడచిన సెప్టెంబరు మాసములో ఒక ఆదివారమున, ఆరాధన ముగిసి అందరు ఇండ్లకు వెళ్ళుచుండగా, పట్టణములో డిగ్రీ చదువుచున్న మన పడుచువాడొకడు చంకలో ఒక నవల పెట్టుకొని నాయొద్దకు వచ్చెను. "అయ్యగారూ, రజాకార్ల కాలానికి ముందు మన వాడలవాళ్లు మతం మారినట్లు ఈ పుస్తకంలో రాసినరు. ఎవరు తోలితే అటు పోవడానికి మనోళ్లు గొర్రెలా?" అని అడిగెను. కొంత తడవు నిలిచి, "సినిమా చూసొచ్చిన మా దోస్తులు తురకోళ్లందరు ఒకటే అంటున్నరు. అది కూడ నిజమేనా?" అనెను.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. ఆ పుస్తకము నడిగి తీసికొని మరల చదివితిని. దానితోకూడ మరికొన్నిటిని చదివితిని. విశ్వాసులకు నవలలతో ఏమి పని అని మీలో పెద్దలు కొందరు అనవచ్చును. మన ప్రభువు తాను చెప్పదలచినదానిలో ఎంతో భాగమును కథలుగానే చెప్పెనని వారు జ్ఞాపకము చేసికొందురు గాక. కథ మంచిదా కాదా అని చూచుటకు మనకు హక్కు కలదు.

ఆ పడుచువాడు తెచ్చినది వట్టికోట ఆళ్వారుస్వామి గారి "ప్రజల మనిషి". ఆయన పరాయివాడు కాడు. 1915లో మన నల్లగొండ జిల్లాలోనే, నకిరేకల్లు ప్రాంతమున పుట్టినవాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, ప్రజలకు పుస్తకములు అందించుటకు ఎంతో ప్రయాసపడినవాడు, చెరసాల ననుభవించినవాడు, 1961లో గతించెను. ఆయన నవలలో దిమ్మగూడెమను ఊరు కలదు. ఆ ఊరికి రామభూపాలరావు అను దొర కలడు. ప్రజల పక్షమున నిలుచు కంఠీరవము కలడు. మతము మార్చుటకు వచ్చినవారును అందులో కనబడుదురు.

ఈ నవలలో నేను మెచ్చుకొన్నదేమనగా, రచయిత మతకలహమును మతములో వెదకలేదు, వెట్టిలో వెదకెను. దొర గడీలో పగలంతయు కూలి లేక పని చేసి, రాత్రి గట్కకు నోచుకొనని మనుష్యునికి "నీవు మా మతములోనికి వచ్చినయెడల దొర నిన్ను ముట్టుకొనలేడు" అని ఎవడైనను చెప్పినప్పుడు, అతడు వినునది మతబోధ కాదు, విడుదల. ఆ రోజులలో హైదరాబాదు రాజ్యమున మహమ్మదీయులు నూటికి 13 మందికి మించి లేరు. తలలు లెక్కబెట్టు రాజకీయము వచ్చినప్పుడు, ఆ లెక్క పెంచుకొనుటకు ఇత్తెహాదుల్ ముస్లిమీన్ వారి కన్ను మన వాడల మీద పడెను. ఆ తలలను మరల తమ లెక్కలోనికి లాగుకొనుటకు ఆర్యసమాజము వారు శుద్ధి కార్యము పెట్టుకొనిరి. మనమును గర్వింప పనిలేదు. బాప్తిస్మముల లెక్కలు వ్రాసి పంపుటలో మన మిషనులును వెనుకబడలేదు. ఆ లెక్కలలో మనుష్యుని ఆకలికి ఒక గడి ఎవరును గీయలేదు.

కావున ఆ పడుచువానికి నా మొదటి జవాబు ఇది: మనవారు గొర్రెలు కారు. నీళ్ళు లేనిచోట ఉన్నవాడు నీళ్ళ చప్పుడు వినబడిన వైపు నడచును. దానిని తెలివిలేనితనమనుట న్యాయము కాదు.

అయితే నవలలో నాకు వెలితిగా తోచినదియు కలదు. కంఠీరవము ఏమి తలంచెనో మనకు తెలియును. దొర ఏమి పన్నాగము పన్నెనో తెలియును. మతము మారినవాడు ఆ రాత్రి తన గుడిసెకు వెళ్ళి భార్యతో ఏమనెనో, ఆమె ఏడ్చెనో నవ్వెనో మనకంతగా తెలియదు. మనవారు కథలో ఎక్కువగా గుంపుగానే నిలిచియున్నారు. నాయకునికి లోపలి మనస్సు కలదు. గుంపునకు చేతులు మాత్రమే కలవు. ఇది ఈ ఒక్క నవల దోషమే కాదు, ఆ తరము రచనలలో తరచుగా కనబడునది.

దాశరథి రంగాచార్యుల వారి "చిల్లర దేవుళ్లు" 1969 ప్రాంతమున వెలువడి, అకాడమీ బహుమానమును పొందెను. ఊరిలో దేశముఖును కరణమును జనుల పాలిటి దేవుళ్ళై కూర్చున్న కాలమును ఆయన కన్నులకు కట్టినట్లు వ్రాసెను. గడీలోని దాసీల బ్రతుకును చదువునప్పుడు కడుపు తరుగుకొనిపోవును. ఆ వరుసలోనే "మోదుగుపూలు", "జనపదం" అను నవలలు వచ్చి, సాయుధపోరాటమును, దాని తరువాతి కాలమును చెప్పినవి. పెత్తనము చేయువానికి మతము చొక్కావంటిదని, ఎండకొకటి వానకొకటి తొడుగుకొనునని ఈ రచనలు మనకు నేర్పును.

చరిత్రయు ఆ మాటకే సాక్ష్యమిచ్చుచున్నది. ఆనాడు నల్లగొండ జిల్లాలోనే ఉండిన జనగామ తాలూకాలో, కామారెడ్డిగూడెమను ఊరిలో షేక్ బందగీ అను పేద రైతు కలడు. విస్నూరు దేశముఖు అండ చూచుకొని తన భూమిని కాజేయబోయినవారితో అతడు న్యాయస్థానమున పోరాడి గెలిచి, దారిలో చంపబడెను. చచ్చినవాడు మహమ్మదీయుడు, చంపించినవాడు హిందువుల దొర, కాచినవాడు నిజాము అధికారి. ఇక్కడ మతమెక్కడ నున్నది? సుంకర, వాసిరెడ్డి గారలు 1947లో వ్రాసిన "మా భూమి" నాటకమునకు ఆ బందగీ గాథయే ప్రేరణ. తెలుగు రైతులు ఒక మహమ్మదీయుని తమ వీరునిగా తలచి కన్నీరు పెట్టుకొనిరి. ఆ తరువాత కిషన్ చందర్ గారు ఉర్దూలో నవల వ్రాయుచు తెలంగాణ కూలిరైతును నాయకునిగా చేసికొనెను. తురకభాషయని కొందరు త్రోసివేయు భాషలోనే మన కూలివాని కథ వ్రాయబడినదని మన పడుచువారు ఎరుగవలెను.

ఇంతవరకు బాగుగానే యున్నది. ఇక కష్టమైన మాటకు వచ్చుచున్నాను.

లాతూరు వకీలు కాశిం రజ్వీ నడిపిన రజాకార్లు మన జిల్లాలలో చేసిన దౌర్జన్యమును ఎవరును తగ్గించి చెప్పరాదు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన హత్యలు నిజము. గుండ్రాంపల్లి ఊరివారి కన్నీరు నిజము. ఆ ఆగస్టులోనే రజాకార్లను ఖండించిన "ఇమ్రోజ్" పత్రికాసంపాదకుడు షోయబుల్లా ఖాన్ హైదరాబాదు వీధిలో నరకబడెను, ఆయనయు మహమ్మదీయుడే. సెప్టెంబరు 13న భారతసైన్యము వచ్చెను. 17న నిజాము లోబడెను. కథలలో అనేకము ఇక్కడ తెర దించును. జెండా ఎగురును, జనులు ఆనందింతురు, పుస్తకము ముగియును.

జీవితములో తెర అక్కడ దిగలేదు. ఆ తరువాతి వారములలో ఏమి జరిగెనో విచారించుటకు నెహ్రూ గారు పండిత సుందరలాల్ గారిని, ఖాజీ అబ్దుల్ గఫార్ గారిని మరియొకరిని పంపిరి. ప్రభుత్వము దశాబ్దముల పాటు అచ్చువేయక యుంచిన ఆ నివేదిక, పోలీసుచర్య కాలమునను దాని తరువాతను రాజ్యమంతట 27,000 మొదలు 40,000 వరకు ప్రాణములు పోయియుండవచ్చునని అంచనా వేసినది. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు మిక్కిలి నష్టపడినవి. ఆ తరువాతి వరుసలో పేర్కొనబడిన నాలుగు జిల్లాలలో మన నల్లగొండ యొకటి. చచ్చినవారిలో ఎక్కువమంది రజాకార్లు కారు. ఏ పాపము ఎరుగని పేద మహమ్మదీయులు. నిప్పు పెట్టినవారి సంగతి చూడుడి: రజ్వీ 1957లో చెరసాల విడిచి పాకిస్తానునకు వెళ్ళెను, నిజాము 1950లో రాజప్రముఖుడాయెను, దేశముఖులలో అనేకులు ఖద్దరు టోపీ పెట్టుకొనిరి. కాలినది దూదేకులవాని గుడిసె.

ఈ సంగతి మన కథలలో బహు తక్కువగా కనబడును. నెల్లూరి కేశవస్వామి గారు "యుగాంతం" అను కథలో ఆ కాలపు హైదరాబాదును, అచ్చటి హిందూ మహమ్మదీయుల స్నేహమును వ్రాసి, ఈ లోపమును కొంత పూడ్చిరి. ఆయన "చార్మినార్" కథలు చదివినవాడు పాతబస్తీ యిండ్లలోని మనుష్యులను పరాయివారని అనజాలడు. అయితే అది నగరపు కథ. మన పల్లెలలోని పేద మహమ్మదీయుల గోడు, వారు తామే కలము పట్టుకొను వరకు కాచుకొనవలసివచ్చెను. మన నల్లగొండ ప్రాంతపు రచయిత స్కైబాబా గారు 2004లో కూర్చిన "వతన్" కథల సంపుటము అట్టిది. పేరు చూచి ప్రక్కకు పెట్టక, పాఠశాలలలో చదువుకొన్న మన పిల్లలు దానిని చదువవలెనని నా మనవి.

ఇప్పుడు నా ఇంటి సంగతి ఒకటి చెప్పుదును. దీనిని వ్రాయుటకు నేను చాలకాలము సంకోచించితిని.

మా నాయనమ్మ మాదిగవాడలో పెరిగినది. రజాకార్లు వచ్చుచున్నారని ఒక రాత్రి మా వాడకు ముందుగా కబురు తెచ్చినవాడు ఊరి దూదేకులవాడు. ఆ కబురువలననే మావారు జొన్నచేలలో దాగి బ్రతికిరి. నెల తిరుగకమునుపే కాలము మారినది. ఈసారి గుంపు దూదేకులవాని ఇంటి మీదికి వచ్చినది. మా నాయనమ్మ అతని భార్యను, ఇద్దరు పిల్లలను తీసికొనివచ్చి, తోళ్ళు నానవేయు లందగుంత ప్రక్కనున్న పాకలో మూడు దినములు దాచెను. ఆ వాసనకు ఊరివారెవరును అక్కడికి రారు. అంటరానితనము ఒక్కసారైనను ఒకరికి కోటగోడగా నిలిచెను. "నీకు భయము కాలేదా?" అని నేనడిగితే, "నా కాన్పుకు నీళ్లు కాచి పోసింది బిడ్డా. ఆమెది ఏ మతమో నేనెందుకడుగుత?" అనెను.

ఇంతవరకు నేను ప్రసంగములలో చెప్పియున్నాను. చెప్పనిది ఇది. అదే దినమున, అదే ఇంటినుండి, గుంపుతో కూడ వెళ్ళి ఒక రాగిబిందెను తెచ్చినవాడు మా తాత. ఆమె పాకలో దాచినది. అతడు ఇంట దాచినాడు. ఆ కుటుంబము తరువాత ఊరు విడిచి పోయెను. ఆ బిందె మా ఇంటి మూలనే యుండెను. మా నాయనమ్మ దానితో ఎన్నడును నీళ్ళు తేలేదు, కారణము చెప్పలేదు. ఆమె చనిపోవుటకు కొద్దిదినముల ముందు చెప్పెను.

నేను చదివిన నవలలలో మంచివాడు ఒక ఇంట నుండును, చెడ్డవాడు మరియొక ఇంట నుండును. దుర్మార్గము గడీలో గాని, రజాకారు తుపాకిలో గాని కూర్చుండును. అది అబద్ధము కాదు; గడీయు తుపాకియు లేనియెడల ఆ మంట లేచియుండదు. అయినను అట్టి కథను చదివినవాడు పుస్తకము మూసి, "అది వారి పాపము" అని సుఖముగా నిద్రపోవచ్చును. పాకలో ప్రాణము, మూలలో బిందె ఒకే కప్పు క్రింద నున్న ఇంటిని వ్రాసిన కథ నాకింకను దొరకలేదు. సామాన్యులు దేవదూతలును కారు, గొర్రెలును కారు. నాయకులు గాలి మార్చినప్పుడు, అదే మనుష్యుడు ఉదయము కాపాడును, సాయంకాలము దోచును. దీనిని చూపించినప్పుడే కథ మనలను రాజకీయపు గాలికి జాగ్రత్తపరచును.

దొంగలచేత చిక్కి దారిలో పడియున్న మనుష్యుని గూర్చి మన ప్రభువు చెప్పిన కథను తలంచుకొనుడి. ఆ గాయపడినవానికి పేరు లేదు, వాని మతమేదో చెప్పబడలేదు. సహాయము చేసినవాని జాతిని మాత్రము ప్రభువు చెప్పెను. అది వినువారు అసహ్యించుకొను జాతి. ఆ కథ విన్నవాడు "మావారందరు మంచివారు" అని ఇంటికి వెళ్ళలేడు.

ఆ సుందరలాల్ నివేదికలోనే ఒక మాట కలదు: అనేక స్థలములలో మహమ్మదీయ నేతపనివారిని హిందూ నేతపనివారు తమ ప్రాణములకు తెగించి కాపాడిరట. మగ్గము మగ్గమును గుర్తుపట్టెను. మన జిల్లాలలో ఆ గుర్తు ఇంకను చెరిగిపోలేదు. జాన్‌పహాడ్ ఉర్సుకు పోవువారిలో హిందువులెందరు? మన సంఘపు పుస్తకములలో సైదులు, సైదమ్మ అను పేర్లు ఎన్ని? పీర్ల పండుగలో డప్పు కొట్టినవారెవరు?

ఇప్పుడు ప్రతి సెప్టెంబరు 17న ఒకరు విమోచనమని, ఒకరు విలీనమని, ఒకరు సమైక్యతయని సభలు చేయుదురు. ఆ దినమున చరిత్ర ఎవరి జేబులోనికి పోవలెనో అను పోటీ జరుగును. మీరు ఆ దినమున మీ వాడలో తొంబది యేండ్లు దాటిన అవ్వ యెవరైన ఉన్నయెడల ఆమె ప్రక్కన కూర్చుండి, "ఎవరు ఎవరిని దాచిరి? ఎవరి ఇంటినుండి ఏమి తెచ్చిరి?" అని రెండు ప్రశ్నలును అడుగుడి. మొదటిది మాత్రమే అడుగవద్దు. పిల్లలచేత వ్రాయించి పెట్టుడి.

ఆ పడుచువానికి నేను పుస్తకము తిరిగి ఇచ్చునప్పుడు బిందె సంగతి చెప్పితిని. అతడు చాలసేపు మాటలాడలేదు. తరువాత, "ఆ దూదేకులోళ్లు ఏ ఊరికి పోయిండ్రు అయ్యగారూ?" అని అడిగెను. ఆ ప్రశ్న నా కెన్నడును తోచనందుకు సిగ్గుపడితిని. ఇప్పుడు ఇద్దరము విచారించుచున్నాము.

దేవుడు మన కన్నులు తెరచి, మన మూలలలోనున్న బిందెలను మనకు చూపును గాక.