ఫైలు పెట్టే మనిషి

ఇల్లు కొనేవాళ్లు ముందు ఆరా తీసేది వడ్డీ గురించే. లోన్ ఏజెంటును వెతికేదీ ఆ పావు శాతం ఎక్కడైనా తగ్గుతుందేమోననే. నాకైతే అది రెండో సంగతి. వడ్డీ రేట్లు ఫోన్లో చూసి ఎవరైనా చెప్పేస్తారు. ఒక ఊరి దస్తావేజులు చదవడం మాత్రం ఆ ఊళ్లో పండిపోయిన మనిషికే చేతనవుతుంది.

మా బెజవాడ పటమటలో అలాంటి ఆయన ఒకరున్నారు. బ్యాంకు ఉద్యోగి కాదు, బ్యాంకులకు ఫైళ్లు తెచ్చిపెట్టే డీఎస్ఏ. మా తమ్ముడు కొనబోయే ఇంటి కాగితాలు ముందు పెడితే జీతమెంత, సిబిల్ ఎంత అని అడగలేదు. లింకు డాక్యుమెంట్లన్నీ పాతవాటి నుంచి వరసగా పేర్చుకుని, ఒక్కోదాంట్లో షెడ్యూలు పేజీ మాత్రం తీశారు. ఒకదాంట్లో తూర్పు హద్దు పంచాయతీ రోడ్డు. దాని తర్వాతి దాంట్లో అదే తూర్పున ఎవరిదో ఖాళీ స్థలం! ఆ వరస మీద బొటనవేలి గోరు ఆనించి, "బయానా ఇంకా ఇవ్వలేదు కదండీ?" అన్నారు. "బ్యాంకు లాయరు దీన్ని వదలడు. అప్పట్లో వీళ్లకి అమ్మినవాళ్ల చేత సవరణ దస్తావేజు రాయించుకు రమ్మనండి. ఆ తర్వాతే ఫైలు పెడదాం."

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే లావాదేవీలు వస్తాయి గానీ, ఇలా రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసే ఓపిక దాంతోపాటు రాదు.

అలాగని ఆయన్నీ గుడ్డిగా నమ్మక్కర్లేదు. కమీషన్ ఇచ్చేది బ్యాంకు. ఏ బ్యాంకు ఎంతిస్తుందో మొహమాటపడకుండా అడగండి. నిజాయితీపరుడైతే నవ్వి చెప్పేస్తాడు. శాంక్షన్ కాకముందే మన దగ్గర డబ్బడిగేవాడికి దండం పెట్టి వచ్చేయడమే. నాలుగు బ్యాంకుల్లో ఒకేసారి లాగిన్ చేస్తాననేవాడూ వద్దు; ప్రతి బ్యాంకూ రిపోర్టు లాగుతుంది, ఆ విచారణలన్నీ సిబిల్‌లో కూర్చుంటాయి. ఇక "జీవిత బీమా కంపల్సరీ అండీ" అంటూ ప్రీమియం లోనులో కలిపేయడం ఉంది చూశారూ, అది నాకు ఒళ్లుమంట. ఆర్‌బీఐ అలాంటి నిబంధనేదీ పెట్టలేదు. పైగా 2024 అక్టోబరు 1 నుంచి కొత్త గృహరుణాలకు బ్యాంకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇచ్చి తీరాలి. ఫీజులూ బీమా కలిపి అసలు వడ్డీ ఎంత పడుతోందో అందులో ఉంటుంది. ఏజెంటు నోటిమాట కాదు, ఆ కాగితం చూసి సంతకం పెట్టండి.

అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ దస్తావేజులు తిరిగివ్వాలనీ, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలనీ 2023 డిసెంబరు నుంచి నిబంధన ఉంది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఏజెంటు ఎక్కడుంటాడో ఎవరికి తెలుసు? ఇచ్చిన ప్రతి ఒరిజినల్‌కీ బ్యాంకు ముద్రతో ఇప్పుడే రశీదు తీసుకోండి.