పూసల గౌనును బతికించే చేతులు

1920ల నాటి పారిస్ పూసల గౌన్లను చేత్తో బాగుచేసేవాళ్లంటే నాకు ఎంతో గౌరవం. పల్చటి పట్టు షిఫాన్ మీద వేలాది గాజు పూసలు. ఆ బరువంతా మోసేది భుజాల దగ్గరి కాస్త బట్టే. అందుకే తెలిసినవాళ్లు ఆ గౌనును హ్యాంగరుకు తగిలించరు, బల్ల మీద పరుస్తారు.

అసలు చిక్కంతా కుట్టులో ఉంది. ఫ్రాన్స్‌లోని లూనెవిల్ పద్ధతిలో బట్టను చట్రానికి బిగించి, వెనకవైపు నుంచి కొక్కెం సూదితో గొలుసు కుట్టు వేస్తూ పూసలు పట్టిస్తారు. మన మగ్గం వర్క్‌లో వాడే ఆరీ సూదికి అది దగ్గరి చుట్టం. ఒక్కచోట దారం తెగితే చాలు, గొలుసు ఊడుతూ పోయి వరస వరసంతా రాలిపోతుంది. కాబట్టి ముందు ఆ ఊడే కొసను ఒడిసిపట్టి ముడి వేయాలి. పూసల సంగతి తర్వాత. చిరుగు కింద సన్నని పట్టుగుడ్డ ఆసరాగా వేసి, పాత సూది రంధ్రాల జాడ చూసుకుంటూ ఒక్కో పూసా కుట్టుకొస్తారు. ఎంత ఓపిక!

కొన్ని గౌన్లకు జెలటిన్ చమ్కీలుంటాయి. అవి నీళ్లు తగిలితే కరుగుతాయి, ఇస్త్రీ వేడికి ముడుచుకుపోతాయి. ఉతుకుదామని తొందరపడితే గౌను పోయినట్టే.

రాలినవాటికి బదులు ఆ కాలపు పూసలే వెతుకుతారు. పాతవాటి పక్కన పెడితే కొత్తవాటి మెరుపు ఇట్టే తెలిసిపోతుంది. ఖాళీ పడినా గట్టిగా ఉన్న చోటును కదపకుండా వదిలేయగలిగినవాళ్లే నా దృష్టిలో గొప్ప పనివాళ్లు. పూసలు దొరికాయి కదా అని నింపుకుంటూ పోతే, ఆ బరువుకు పాత షిఫాన్ మరోచోట చిరుగుతుంది.