మోసుకెళ్లగల ఆరోగ్యం: జపాన్ వ్యక్తిత్వ వికాస, ఆరోగ్య గ్రంథాల విదేశీ ప్రచారం – పటాన్‌చెరు నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

జపాన్ వ్యక్తిత్వ వికాస, ఆరోగ్య గ్రంథాలను విదేశీ ప్రచురణకర్తలకు పరిచయం చేసి అనువాద హక్కులు విక్రయించే వ్యవస్థ ఇటీవలి దశాబ్దాల్లో బలపడింది. ఆ వ్యవస్థ ఎలాంటి పుస్తకాన్ని ముందుకు తెస్తుంది, దేనిని వెనక్కు నెడుతుంది అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆరోగ్యాన్ని స్థలం నుంచి, శ్రమ నుంచి, భాష నుంచి విడదీసి వ్యక్తిగత అలవాటుగా మార్చగలిగిన పుస్తకమే సులువుగా ఎల్లలు దాటుతుందని ఇక్కడి ప్రతిపాదన. జపాన్‌తో అనేక విధాల సంబంధమున్న పటాన్‌చెరు–సంగారెడ్డి పారిశ్రామిక ప్రాంతం ఈ ప్రతిపాదనకు గీటురాయి.

కీలక పదాలు: అనువాద హక్కులు, వ్యక్తిత్వ వికాస సాహిత్యం, ఇకిగాయ్, క్వాలిటీ సర్కిల్, పటాన్‌చెరు, మినమాటా.

1. ఉపోద్ఘాతం

తెలుగులో వ్యక్తిత్వ వికాస రచనకు, ఆరోగ్య రచనకు విస్తృతమైన పాఠకలోకం ఉంది. యండమూరి వీరేంద్రనాథ్ 'విజయానికి ఐదు మెట్లు', బి.వి. పట్టాభిరామ్ రచనలు, ప్రకృతి జీవన విధానంపై మంతెన సత్యనారాయణరాజు పుస్తకాలు ఇందుకు నిదర్శనాలు. ఈ అరల్లోకి ఇటీవల జపాన్ పేరుతో మరో వరుస వచ్చి చేరింది. మితాహారం, నడక, పరిశుభ్రత, తోటివారితో స్నేహం మన పెద్దలు చెప్పినవే. అయినా అవే మాటలు జపాన్ ముద్రతో వచ్చినప్పుడు విలువ పెరుగుతుంది. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెతతో ఈ విషయాన్ని తేల్చివేయవచ్చు. కానీ విమర్శ అడగవలసిన ప్రశ్న వేరు. పొరుగు చెట్టు ఆకును ఎవరు కోశారు, ఏ కొమ్మ నుంచి కోశారు, ఏ కొమ్మను వదిలేశారు?

2. ఎగుమతికి అనువైన పుస్తకం

విదేశీ ప్రచురణకర్త సాధారణంగా జపనీస్ చదవలేడు. అతని ముందుకు వచ్చేది సారాంశం, ఇంగ్లీషు నమూనా అనువాదం, స్వదేశంలో అమ్ముడైన ప్రతుల సంఖ్య, ఇప్పటికే హక్కులు కొన్న దేశాల పట్టిక. ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తక ప్రదర్శన వంటి వేదికల మీద, టోక్యోలోని టటిల్-మోరి వంటి హక్కుల సంస్థల ద్వారా సాగే ఈ వ్యవహారంలో పుస్తకం మొత్తాన్ని దాని సారాంశమే ప్రతినిధిగా నిలిచి అమ్ముతుంది. సారాంశంలో ఇమడనిది నష్టపోతుంది. ఒక ఊరి చరిత్ర, ఒక వృత్తి కష్టం, మాండలికంలోని పలుకు సారాంశంలో ఇమడవు. పది సూత్రాలు మాత్రం చక్కగా ఇముడుతాయి.

మారీ కోండో పుస్తకం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఇంటిని సర్దుకోవడం గురించిన ఆ రచనను టోక్యోకు చెందిన సన్‌మార్క్ సంస్థ 2010లో ప్రచురించింది. కేథీ హిరానో ఇంగ్లీషు అనువాదం 2014లో అమెరికాలో వెలువడి ప్రపంచవ్యాప్త ఆదరణ పొందింది. మూల శీర్షికలోని 'తోకిమెకు' అనే క్రియకు గుండె కొట్టుకోవడం, మనసు పులకించడం అని అర్థచ్ఛాయలు. ఇంగ్లీషులో అది ఆనందపు నిప్పురవ్వగా మారింది. ఇంగ్లీషు మీదుగా వచ్చే తెలుగుకు మిగిలేది 'ఆనందం కలిగించడం' అన్న చప్పిడి మాట. నేరుగా జపనీస్ నుంచి వచ్చి ఉంటే 'గుండె ఝల్లుమనడం' అన్న పలుకుబడి తెలుగులో సిద్ధంగానే ఉంది. మధ్యవర్తి భాష వల్ల కలిగే నష్టం ఒక్క మాటతో ఆగదు. తాను కొన్నేళ్లు షింటో ఆలయంలో సేవకురాలిగా ఉన్నానని కోండో ఆ పుస్తకంలోనే చెప్పుకుంది. వస్తువుకు కృతజ్ఞత చెప్పి సాగనంపడం వెనుక ఆ ఆచార నేపథ్యాన్ని గుర్తించవచ్చు. దేశాంతరంలో అది ఇల్లు సర్దే చిట్కాగా మాత్రమే చలామణి అయింది.

జపాన్ ముద్ర వెనుక ఉన్న రాకపోకలను కూడా గుర్తించాలి. శామ్యూల్ స్మైల్స్ 1859లో వెలువరించిన స్వావలంబన గ్రంథాన్ని నకామురా మసనావో 1871లో జపనీస్‌లోకి తెచ్చాడు. మెయిజీ యుగపు యువతరాన్ని ఊపిన పుస్తకాల్లో అది ఒకటి. ఇచిరో కిషిమి, ఫుమితకె కోగాలు 2013లో ప్రచురించిన, ఇతరులకు నచ్చకపోయే ధైర్యాన్ని బోధించే పుస్తకానికి ఆధారం వియన్నా మనోవైజ్ఞానికుడు ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ ఆలోచనలు. ఐరోపా సరుకు జపాన్‌లో మరుగు మారి, జపాన్ జ్ఞానంగా తిరిగి ఐరోపా చేరింది. భావాలు ప్రయాణించడంలో తప్పు లేదు. ఆ ప్రయాణాన్ని దాచి, అనాది రహస్యమని ప్రచారం చేయడమే విమర్శకు లోనుకావలసిన అంశం.

3. ఇకిగాయ్: పేరు జపాన్‌ది, పుస్తకం స్పెయిన్‌ది

తెలుగుతో సహా అనేక భారతీయ భాషల్లోకి వచ్చిన 'ఇకిగాయ్' రచయితలు హెక్టర్ గార్సియా, ఫ్రాన్సెస్క్ మిరాల్లెస్. మూలం 2016లో స్పానిష్‌లో వెలువడింది. అంటే తెలుగు పాఠకుడు జపాన్ పుస్తకంగా చదివేది స్పెయిన్ రచయితలు ఒకినావాలోని ఒగిమి గ్రామం గురించి రాసినది. నాలుగు వృత్తాలు కలిసే చోట జీవిత పరమార్థం ఉందని చూపే ప్రసిద్ధ చిత్రం కూడా జపాన్‌లో పుట్టలేదు. ఆండ్రెస్ జుజునాగా అనే స్పెయిన్ దేశస్థుడు పరమార్థం గురించి గీసిన బొమ్మకు మార్క్ విన్ అనే బ్రిటిష్ రచయిత 2014లో ఇకిగాయ్ అన్న పేరు జోడించాడు. ఆ నాలుగు వృత్తాల్లో ఒకటి 'దేనికి డబ్బు వస్తుంది' అన్నది. జపనీస్ వాడుకలో మనవరాలి నవ్వు, పెరటిలోని మొక్క కూడా ఇకిగాయ్ కాగలవు. వాటికి జీతంతో పనిలేదు.

ఇదే మాటపై జపాన్‌లో గౌరవం పొందిన గ్రంథం 1966లో కమియా మియెకో రాసిన 'ఇకిగాయ్ గురించి'. ఆమె మనోవైద్యురాలు. నగాషిమా దీవిలోని కుష్ఠురోగుల ఆశ్రమంలో పనిచేస్తూ, సమాజం వెలివేసిన మనిషి ఏ ఆధారంతో జీవిస్తాడు అన్న ప్రశ్నతో ఆ గ్రంథాన్ని రూపొందించింది. ఒక పుస్తకం దీర్ఘాయువు రహస్యం చెబుతానంటుంది. మరొకటి జీవించడానికి కారణాలన్నీ లాగివేసిన తరువాత మనిషిలో మిగిలేదేమిటని అడుగుతుంది. విదేశీ విపణిని నింపింది మొదటిది. రోగులను నిర్బంధించిన వ్యవస్థను ప్రస్తావించకుండా రెండోదాన్ని పరిచయం చేయడం సాధ్యం కాదు. ప్రయాణయోగ్యత అనే ప్రమాణం ఎలా పనిచేస్తుందో ఈ జంట స్పష్టం చేస్తుంది.

4. పుస్తకానికి ముందే వచ్చిన జపాన్

పటాన్‌చెరు ప్రాంతానికి జపాన్ ఆలోచన ఈ పుస్తకాలతో కొత్తగా రాలేదు. 1962లో కవోరు ఇషికావా తదితరులు కర్మాగారాల ఫోర్‌మన్‌ల కోసం నాణ్యతపై ఒక పత్రికను ఆరంభించారు. దాన్ని కలిసి చదివి చర్చించుకోవడానికి ఏర్పడిన చిన్న బృందాలే క్వాలిటీ సర్కిళ్లు. 1980 దశకం ఆరంభంలో భారతదేశంలో ఈ పద్ధతికి తొలి ప్రయోగశాల అయినది పటాన్‌చెరును ఆనుకుని ఉన్న రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ కర్మాగారం. ఆ కృషికి నాయకత్వం వహించిన ఎస్.ఆర్. ఉడుప ఆధ్వర్యంలో 1982లో భారత క్వాలిటీ సర్కిల్ వేదిక ఏర్పడింది. నేడు రుద్రారంలో తోషిబా విద్యుత్ పరికరాల కర్మాగారం ఉంది. కంది వద్ద హైదరాబాద్ ఐఐటీ ప్రాంగణ నిర్మాణానికి జపాన్ ప్రభుత్వ ఆర్థిక సహకారం అందింది.

ఇక్కడ గమనించదగినది చదివే తీరులోని తేడా. క్వాలిటీ సర్కిల్ మూలంలో ఒక పఠన బృందం. అందులో పాఠకుడు తోటి కార్మికులతో కూర్చుని యంత్రంలోని లోపానికి కారణం వెతుకుతాడు. కారణం తన బద్ధకమే కావాలన్న నియమం లేదు. కొలత, సరుకు, పద్ధతి ఏదైనా కావచ్చు. ఇందులో యాజమాన్యపు లాభదృష్టి లేకపోలేదు. అయినా దోషాన్ని వ్యక్తిలో కాక వ్యవస్థలో వెతకడం ఆ పద్ధతికి ప్రాణం. కైజెన్ అన్న మాట వ్యక్తిత్వ వికాస పుస్తకంలోకి వచ్చేసరికి బృందం చెదిరిపోయింది. రోజుకు కొంచెం తనను తాను సరిదిద్దుకునే ఒంటరి పాఠకుడు మిగిలాడు. లోపం యంత్రంలోంచి మనిషిలోకి మారింది.

5. అలవాటు, నీరు

ఆరోగ్య గ్రంథాల విషయంలో ఈ మార్పు మరింత తీవ్రమైనది. పొట్టలో ఎనిమిది పాళ్లు మాత్రమే నింపాలన్న 'హరా హాచి బు' సూత్రాన్ని తాజా పుస్తకాలు ప్రచారం చేస్తున్నాయి. కైబారా ఎకికెన్ 1713 నాటి 'యోజోకున్'లోనే మితాహారాన్ని విస్తారంగా బోధించాడు. ఇది మంచి సూత్రం. మారుతున్న షిఫ్టుల్లో వేళకు తిండి, నిద్ర లేక అలసే కార్మికుడికి మితాహారం, నడక మేలు చేస్తాయి. తక్కువ ధరకు దొరికే ఒక పుస్తకం అంత మేలు చేసినా గౌరవించదగినదే. అయితే పాళ్లు లెక్కపెట్టగానే సమస్య తీరదు. ఆ పళ్లెం పక్కన ఉన్న గ్లాసులోని నీరు ఎక్కడిది?

ఔషధ పరిశ్రమలు విస్తరించిన పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. సుమారు 90 ఔషధ తయారీ సంస్థల వ్యర్థజలాలను స్వీకరించే పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి వెలువడిన నీటిని స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. శుద్ధి అయిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. చికిత్స పొందే రోగి రక్తంలో ఆ మందు చేరే గరిష్ఠ స్థాయి కన్నా అది ఎక్కువ. ఇంత మోతాదు మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరగడానికి దోహదం చేస్తుంది. ఈ స్థితిపై పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ కిషన్ రావు సుదీర్ఘ పోరాటం చేశారు. ఆయన పోరాటం రోగి అలవాట్లకే పరిమితం కాక, వాగుల దాకా వెళ్లింది.

ఈ నేల మీద నిలబడి చదివినప్పుడు 'మీ ఆరోగ్యం మీ చేతుల్లోనే' అన్న వాక్యం సగం సత్యంగా తేలుతుంది. సగం సత్యం వల్ల కలిగే హాని ఏమిటంటే, నక్కవాగు ఒడ్డున జబ్బుపడిన రైతు సైతం తన క్రమశిక్షణను ప్రశ్నించుకోవలసి వస్తుంది. ఒగిమి వృద్ధుల ఆరోగ్యంలో వారి కూరగాయల మడులకు, పరస్పర సహాయ బృందాలకు పాత్ర ఉందని ఆ పుస్తకమే చెబుతుంది. నేల, సమూహం అక్కడ ఔషధాలు. పాఠకుడికి అందే సూత్రాల పట్టికలో మాత్రం అవి వ్యక్తి చేయవలసిన పనులుగా కుదించుకుపోయాయి.

6. మరో కొమ్మ

జపాన్‌లో ఆరోగ్యాన్ని స్థలంతో ముడిపెట్టి రాసిన గ్రంథాలకు కొరత లేదు. మినమాటా పట్టణంలో రసాయన కర్మాగారం సముద్రంలోకి వదిలిన పాదరసం వల్ల వచ్చిన వ్యాధిని 1956లో అధికారికంగా గుర్తించారు. మూలకారణాన్ని ప్రభుత్వం ఒప్పుకునే నాటికి 1968 వచ్చింది. ఆ మరుసటి ఏడాది ఇషిమురె మిచికో 'కుగాయ్ జోదో' వెలువడింది. జాలరుల మాండలికాన్ని, వైద్య నివేదికలను కలిపి అల్లిన ఆ రచన ఇంగ్లీషులోకి రావడానికి 1990 దాకా ఆగాల్సి వచ్చింది. ఏ పుస్తకాల దుకాణంలోనూ దానిని ఆరోగ్య విభాగంలో ఉంచరు. కానీ పటాన్‌చెరు పాఠకుడికి అంతకన్నా సన్నిహితమైన జపాన్ ఆరోగ్య గ్రంథం ఏముంటుంది?

ఇలాంటి పుస్తకం తెలుగుకు చేరడం అసాధ్యమేమీ కాదు. మసనోబు ఫుకువోకా 1975 నాటి రచన హక్కుల ప్రచారంతో కాక, ఆయన పొలంలో పనిచేసిన లారీ కార్న్ వంటి శిష్యుల చొరవతో 1978లో ఇంగ్లీషులో వెలువడింది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ దానిని 'గడ్డిపరకతో విప్లవం'గా తెలుగు పాఠకులకు అందించింది. నేల ఆరోగ్యం, తిండి, మనిషి ఆరోగ్యం ఒకటేనన్నది ఆ పుస్తక సారం. 1972 నుంచి పటాన్‌చెరులో మెట్ట పంటలపై పరిశోధిస్తున్న ఇక్రిశాట్ పక్కన పెట్టి చదివితే, వ్యవసాయ విజ్ఞానంపై ఫుకువోకా వేసిన ప్రశ్నలు స్థానిక చర్చగా మారతాయి. అవసరాన్ని గుర్తించిన ప్రచురణకర్త, పాఠకుడు కలిసినచోట ప్రచారయంత్రాంగం లేకుండానే పుస్తకం ప్రయాణించగలదు.

7. ముగింపు

జపాన్ ప్రచురణకర్తలు తమ పుస్తకాలను విదేశాలకు అమ్ముకోవడాన్ని తప్పుపట్టలేం. తెలుగు పుస్తకానికి అలాంటి వ్యవస్థ లేకపోవడమే ఒక లోటు. ప్రశ్న స్వీకరించే భాష వివేకానికి సంబంధించినది. ఇంగ్లీషు విజయాల పట్టికనే అనువాద ప్రణాళికగా స్వీకరిస్తే, మరొకరు ఎంచిన జపానే తెలుగుకు దక్కుతుంది. ఇఫ్లూ వంటి విద్యాసంస్థల్లో జపనీస్ బోధన ఉన్నందున నేరు అనువాదాలకు పునాది హైదరాబాదులోనే ఉంది. కమియా, ఇషిమురెల రచనలను అనువాద అధ్యయన శాఖలు చేపట్టదగిన పనిగా గుర్తించాలి. వ్యక్తిత్వ వికాస గ్రంథాలను పరిశోధించేవారు కూడా పుస్తకంలోని సూత్రాలతో పాటు, అది చదవబడే ఊరి నీటిని, గాలిని, పనివేళలను పాఠంలో భాగంగా పరిగణించాలి. పటాన్‌చెరులో ఆ లెక్క వేయని ఆరోగ్య పఠనం అసంపూర్ణం.