పొలం ముందు, విడిది తర్వాత

సేంద్రియ పొలాల్లో విడిది గురించి ఈమధ్య రాతలు విరివిగానే వస్తున్నాయి. చాలావాటిలో ముందు ఊయల, పక్కన ఈతకొలను, బల్ల మీద అరిటాకు, వీటన్నిటి వెనకాల ఎక్కడో పచ్చగా పొలం. ఆ పచ్చదనం వరా, మక్కా, చెరకా అన్నది రాసినవాళ్లకే పట్టదు. మీ చేతిలో ఉన్న పుస్తకం ఆ బాపతు కాదు. కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి దాకా, అక్కణ్నించి నాగిరెడ్డిపేట, నిజాంసాగర్ వైపు తిరిగి, పొలాల్లో బస చేసి రాసిన ఈ పిల్ల ఎక్కడికి పోయినా ముందు పెంటదిబ్బ చూసింది, ఆ తర్వాతే గది చూసింది. పశువులు ఎన్ని, నీళ్లు ఎక్కడివి, గెట్టు అవతలి ఆసామి ఏ మందు కొడుతున్నాడు అని అడిగి తెలుసుకున్నాక గాని పరుపు గురించి ఒక్క మాట రాయలేదు. నాకు నచ్చింది అదే.

నన్నే ముందుమాట అడగడంలో ఆమె గడుసుదనం కొంత ఉంది. నేను వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎకరానికి యూరియా ఎన్ని సంచులు, లీటరు నీళ్లకు మందు ఎన్ని మిల్లీలీటర్లు అని రైతులకు చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి. "మీరు మెచ్చుకుంటే జనం నమ్ముతరు తాతా" అన్నది. మెచ్చుకుంటున్నాను. అయితే కొన్నిచోట్ల ఆమెతో పేచీ కూడా ఉంది. అదీ చెబుతాను.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు కామారెడ్డి అంటే 44వ నంబరు జాతీయ రహదారి మీద నూరు కిలోమీటర్లు దాటాక తగిలే ఊరు. 2016 అక్టోబరు 11న నిజామాబాద్ నుంచి విడివడి జిల్లా అయింది. జిల్లా ఒకటే గాని నేల ఒకటి కాదు. కామారెడ్డి, భిక్కనూరు, దోమకొండ వైపు మెట్ట. అక్కడ చెరువు నిండితే పంట, లేకుంటే బోరే దిక్కు. ఎల్లారెడ్డి వైపు దిగితే కాలువ నీళ్లు కనిపిస్తాయి. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ అందరికీ తెలుసు. దానికి ముందే 1922 నాటికి కట్టిన పోచారం ప్రాజెక్టు సంగతి బయటివాళ్లకు అంతగా తెలియదు. ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట మండలాల్లో 10,500 ఎకరాలకు ఆ నీళ్లే ఆధారం. ఇంకా పైకి జుక్కల్, బిచ్కుంద దిక్కు పోతే నల్లరేగడి, మాటలో మరాఠీ వాసన, యాసంగిలో జొన్న. నేల మారినప్పుడల్లా విస్తట్లో తిండి మారడం రచయిత్రి బాగా పట్టుకుంది. మెట్టలో మక్కగటుక పెట్టారు, రేగడిలో జొన్నరొట్టె పెట్టారు, కాలువ కింద అడిగినా అడగకున్నా అన్నమే. మూడు చోట్లా పచ్చిపులుసు మాత్రం తప్పలేదు. ఇన్ని తీర్ల సేద్యం ఉన్న చోట ప్రతి విడిదిలోనూ అదే మట్టి గోడ, అదే ఎడ్లబండి, అదే లాంతరు ఎందుకుంటాయని ఆమె అడిగిన ప్రశ్నకు విడిదుల యజమానులే జవాబు చెప్పాలి.

పొలం చూడ్డానికి జనం రావడం మన వైపు కొత్తేమీ కాదు. ఆర్మూరు దగ్గరి అంకాపూర్‌కు ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నారు. ఎర్రజొన్న, మక్క, సజ్జ విత్తనం పండించే తీరు చూడాలని రైతులు బండ్లు కట్టించుకొని వచ్చేవారు. ఆ ఊళ్లో వండే దేశీకోడి కూరకు ఇప్పుడు విత్తనాలకన్నా ఎక్కువ పేరొచ్చింది. దీన్ని అగ్రిటూరిజం అని అక్కడ ఎవరూ అనుకోలేదు. ఆ పేరుతో పని మొదలైంది పక్క రాష్ట్రంలో. బారామతి దగ్గరి మాలెగావ్‌లో పాండురంగ్ తావరే 2005 ప్రాంతంలో దీన్ని రైతుకు రెండో ఆదాయంగా నిలబెట్టే ప్రయత్నం చేశారు. చలికాలంలో పచ్చి జొన్న కంకులు కాల్చి తినే హుర్డా కోసం పుణె నుంచి, ముంబై నుంచి కార్లు వరస కడతాయి. మనమూ ఊసబియ్యం తింటాం, ఏ జొన్నచేను గట్టున మంటేసినా తింటాం. దానికోసం ఎవరైనా టికెట్టు కొంటారని మనకు తోచలేదు, అంతే. ఇటలీ వాళ్లు 1985లోనే దీనికి చట్టం తెచ్చారు. సేద్యమే ప్రధాన వృత్తిగా ఉండాలి, అతిథులకు బస, భోజనం దానికి అనుబంధంగానే సాగాలి అన్నది ఆ చట్టం సారం. ఈ పుస్తకం నడిచిన దారీ అదే. అతిథి ఇచ్చిన డబ్బుతో సేద్యం నిలవాలి గాని, అతిథి మెప్పు కోసం సేద్యం వేషం కట్టకూడదు.

బెల్లం అధ్యాయం దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే అది మా వైపు ప్రాణం. కామారెడ్డి బెల్లం మార్కెట్ ఒకప్పుడు ఎట్లాంటిదో పాతతరం వ్యాపారులను అడగండి. ఆ రోజులు పోయాయి. చెరకు ఫ్యాక్టరీలకు పోయింది, గానుగలు మూలపడ్డాయి. మిగిలిన గానుగల్లో ఒకదాని దగ్గర రచయిత్రి పొద్దు పొడవకముందే కూర్చుంది. నిన్నటి చెరకు పిప్పి ఎండబెట్టి ఇవాళ అదే పొయ్యిలోకి తోస్తారు, వేరే కట్టె అక్కర్లేదు. కడాయిలో రసం కాగుతుంటే మడ్డి పైకి తేలుతుంది. బెండ మొక్క కాడలు దంచి నీళ్లలో పిసికితే వచ్చే జిగురును అందులో పోస్తారు. ఆ జిగురు మడ్డిని పట్టుకొని నల్లటి నురగగా పైకి తెస్తుంది, దాన్ని జల్లిగరిటెతో తీసి పారేస్తారు. పాకం ఎర్రబడి బుడగలు బరువెక్కాక పనివాడు ఒక చుక్కను చల్లనీళ్లలో వేసి వేళ్ల మధ్య ఉండ చేసి చూస్తాడు. ఉండ నిలిస్తే దించుతారు. లేటైతే మాడు, తొందరపడితే బెల్లం కారిపోతుంది. ఉజ్జాయింపుగా పది క్వింటాళ్ల చెరకు ఆడితే ఒక క్వింటా బెల్లం. దీన్నంతా ఆమె రాసిన తీరు చదువుతుంటే పొయ్యి సెగ ముఖానికి తగిలింది.

ఆమె రాయకుండా వదిలేసిన సంగతి ఒకటుంది, నేను చెబుతాను. బెండ జిగురుతో వండిన బెల్లం ముదురు రంగులో ఉంటుంది. బజారులో పసుపుపచ్చగా మెరిసే బెల్లానికి ఆ రంగు చాలావరకు హైడ్రోస్ అనే రసాయనం పుణ్యం. మా కాలంలో నల్లబెల్లం పేరెత్తితే గుడుంబా గుర్తొచ్చేది, ఎక్సైజ్ వాళ్లు బండ్లు ఆపేవాళ్లు. అందుకని రైతు కూడా రంగు తేలాలని తంటాలు పడ్డాడు. ఇవాళ పట్నం నుంచి వచ్చినవాళ్లు ముదురు రంగు బెల్లమే కావాలని ఎక్కువ ధర ఇచ్చి కొనుక్కుపోతున్నారు. అదే బెల్లం, అదే కడాయి. అతిథి పొయ్యి దగ్గరికొచ్చి కళ్లారా చూడటం వల్ల ఒక పంటకు పోయిన మర్యాద తిరిగొచ్చింది. విడిదుల వల్ల ఏమిటి లాభం అని నన్ను ఎవరైనా అడిగితే ఈ ఒక్కటే చూపిస్తాను.

బెల్లం మనుషులకే కాదు, నేలకూ పెడుతున్నారు. సుభాష్ పాలేకర్ చెప్పిన జీవామృతం మా వైపు చాలా పొలాల్లో కలుపుతున్నారు. 200 లీటర్ల నీళ్లు, పది కిలోల ఆవుపేడ, ఐదు నుంచి పది లీటర్ల ఆవుమూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండి, గట్టు మీది పిడికెడు మట్టి, నలభై ఎనిమిది గంటల నిల్వ. అది ఎకరానికి సరిపోతుంది. అది ఎంత పనిచేస్తుందన్న దాని మీద శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు, నాకూ కొన్ని అనుమానాలున్నాయి. పేడ, ఆకు, చెరువు మట్టి పడిన నేల నీళ్లు పట్టుకుంటుందనడంలో మాత్రం ఎవరికీ అనుమానం అక్కర్లేదు. చెరువు మట్టి అంటే గుర్తొచ్చింది, మిషన్ కాకతీయ 2015 మార్చి 12న మొదలైంది మా సదాశివనగర్ పాతచెరువు దగ్గరే. ఆ పూడికమట్టి తోలుకున్న చేన్లను ఇప్పటికీ రంగు చూసి చెప్పొచ్చు.

ఇక 'సేంద్రియం' అన్న బోర్డు సంగతి. బోర్డు రాయడానికి రంగు డబ్బా ఒక్కటి చాలు. అందుకే ధ్రువపత్రం ఏదని ప్రతి చోటా నిలదీసింది ఈ పిల్ల. ఎగుమతికి పనికొచ్చే జాతీయ ప్రమాణాల ప్రకారం ఏడాది పంటలైతే విత్తడానికి ముందు రెండేళ్లు, మామిడి, జామ లాంటి తోటలైతే కోతకు ముందు మూడేళ్లు రసాయనాలు తగలకుండా నేలను ఉంచాలి. చిన్న రైతులకు దానికన్నా తేలికైన దారి పీజీఎస్. ఊళ్లోని రైతులు గుంపుగా ఏర్పడి ఒకరి పొలానికి ఒకరు పూచీ పడతారు. దొంగచాటుగా యూరియా చల్లితే ముందు తెలిసేది పక్కవాడికే కాబట్టి ఈ పద్ధతి మీద నాకు గురి ఎక్కువ. ధ్రువపత్రం లేని విడిదులను కూడా ఆమె పుస్తకంలోంచి కొట్టేయలేదు, 'లేదు' అని రాసి ఊరుకుంది. అది మర్యాదైన పద్ధతి.

కాగితం లేని చోట నేను చూసే గుర్తు వేరు. భాద్రపదం చివర్లో చేను ఒడ్డున గునుగు ఉందా అని చూస్తాను. బతుకమ్మకు ఊరు ఊరంతా గునుగు, తంగేడు కోసుకొచ్చే రోజుల్లో అది చేన్లలో కలుపు, ఎవరూ విత్తలేదు. మక్క వేయగానే కలుపు మందు కొట్టడం అలవాటయ్యాక గునుగును మార్కెట్లో కట్టలుగా కొంటున్నాం. మందు కొట్టలేదన్న విడిది పొలంలో తెల్లని గునుగు మోకాలెత్తున నిలబడి ఉంటే ఆ రైతు నిజం చెబుతున్నట్టే.

ఇప్పుడు నా పేచీ. ఈతకొలను కనిపించిన చోటల్లా రచయిత్రి కోపంగా రాసింది. లెక్క చూద్దాం. పది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు, నాలుగడుగుల లోతు కొలనుకు పట్టేది సుమారు అరవై వేల లీటర్లు. ఎకరం వరికి పంటకాలమంతా కలిపి 1,200 మిల్లీమీటర్ల నీళ్లనుకుంటే దాదాపు నలభై ఎనిమిది లక్షల లీటర్లు. మెట్ట మీద బోరు కింద వరి వేసిన విడిదిని మెచ్చుకొని, కొలను తవ్విన విడిదిని తిట్టడం న్యాయం కాదమ్మా. కొలను నీళ్లను చెట్లకు పారిస్తే నాకేమీ అభ్యంతరం లేదు. బోరు కింద వరి మానేసి కొర్రలో, కందులో వేసిన పొలమే నా దృష్టిలో ఎక్కువ సేంద్రియం.

కైకిలివాళ్ల విషయంలో మాత్రం ఆమె మెతకగా పోయింది. మందు కొట్టకుంటే కలుపు చేత్తో తీయాలి, చేత్తో అంటే ఆడవాళ్ల చేత్తో. వంటచేసే అక్క గురించి రెండు పేజీలు రాసిన పుస్తకంలో కలుపు తీసే అక్కలకు ఒక పేరా దక్కింది. అతిథి బురదలో దిగి నాలుగు మొలకలు గుచ్చి ఫొటో తీసుకుంటే నాటు పడదు. అతను వెళ్లాక ఆ మొలకలను పీకి మళ్లీ వేసేది వాళ్లే. నేను చూసిన ఒక విడిదిలో కూలీలు చెట్టు కిందే సద్ది విప్పారు, గదులకు అటువైపు నీడ ఖాళీగా ఉంది. పేరు చెప్పను. ఈ పుస్తకం చదివి పోయేవాళ్లు పప్పు బాగుందా అని అడిగినట్టే, రోజు కూలి ఎంతిస్తున్నారని కూడా అడిగితే బాగుండును.

ఎప్పుడు పోవాలన్నదానికి ఆమె ఇచ్చిన సలహా సరైనదే. పుష్యంలో పోతే గానుగ, ఊసబియ్యం. వానలు కుదురుకున్నాక పోతే పోచారం అలుగు, పక్కనే అభయారణ్యంలో దుప్పులు, నీలుగాయిలు. దారిలో లింగంపేటలో నాగన్న బావి మెట్లు దిగి చూడటం మరవకండి. ఏప్రిల్, మే నెలల్లో ఏమీ ఉండదని ఆమె సూటిగా రాసింది. వానాకాలానికీ ఒక హెచ్చరిక. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో రాజంపేట మండలం అర్గొండలో నలభై సెంటీమీటర్లకు మించి వాన పడింది. రోడ్లు తెగాయి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, చేన్ల మీద ఇసుక మేట వేసింది. అట్లాంటి ఏడు రైతు గదికన్నా ముందు గట్టు బాగుచేసుకుంటాడు. బుకింగ్ రద్దయిందని అలగకండి.

పుస్తకం చిన్నది, ధర అందుబాటులో ఉంది, అచ్చుతప్పులు తక్కువ. రచయిత్రికి నా ఆశీస్సులు. రెండో ముద్రణలో కోతుల మీద ఒక అధ్యాయం చేర్చమని ఇప్పుడే చెబుతున్నాను. ఈ జిల్లాలో కూరగాయలు పండించే సేంద్రియ రైతుకు పురుగుకన్నా, మార్కెట్‌కన్నా పెద్ద గొడవ కోతులదే. ఆ అధ్యాయానికి కావలసినంత సరుకు మా పెరట్లోనే ఉంది, వచ్చి చూసుకోవచ్చు.