మాగాయ ఊట

మొన్న చినగంజాం రాళ్ళ ఉప్పు ఎండబెట్టి దంచి, పసుపుతో కలిపి పుల్లమామిడి ముక్కలకు పట్టించాను. జాడీకెత్తి వాసెన కట్టాను. చుక్క నీళ్ళు పోయలేదు. మర్నాడు పొద్దున వాసెన విప్పితే ముక్కలు బాగా దిగిపోయి, పైకి పచ్చటి ఊట తేలింది. చీరాలలో కాపురం పెట్టిన నాటి నుంచీ ఏటా చూస్తున్నా, ఆ ఊట నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఆ నీళ్ళు మామిడివే. ముక్క నిండా కణాలు, ఒక్కో కణానికీ పల్చటి పొర. అది నీటిని పోనిస్తుంది, ఉప్పును తేలిగ్గా రానివ్వదు. బయట ఉప్పు చిక్కబడితే లోపలి నీరు అటు లాక్కుపోతుంది. బళ్ళో మనం చదువుకున్న ద్రవాభిసరణం ఇదే. 1748లో నొల్లే అనే ఫ్రెంచి మతగురువు పంది మూత్రాశయపు పొరతో దీన్ని గమనించాడు. కణం పొరలో నీటికంటూ వేరే దారులున్నాయని చూపినందుకు పీటర్ ఆగ్రే అనే శాస్త్రవేత్తకు 2003లో నోబెల్ వచ్చింది. ఒక్కో దారిలో సెకనుకు వందల కోట్ల నీటి అణువులు దాటిపోతాయి.

మరి ముక్క లోపలికి ఉప్పు ఎప్పుడు చేరుతుంది? నీరు పోయి కుంచించుకుని కణం చచ్చిపోయాక. కాపలా పోయిన పొర గుండా ఉప్పు, ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి మెల్లగా పాకుతుంది. అది వ్యాపనం. దానికి తొందర పనికిరాదు. “మూడోనాటి దాకా ముక్క పిండొద్దే” అని అమ్మమ్మ గట్టిగా చెప్పేది ఇందుకే. రెండోనాడే పిండిన ముక్కను కొరికి చూడండి: పైన ఉప్పన, నడుమ చప్పన.

ఒక ఏడాది రక్తపోటుకు భయపడి ఉప్పు సగం వేశాను. పది రోజులకే తెల్లగా బూజు. బూజుదీ కణమే, దాని నీరూ లాగేసేంత ఉప్పు ఉంటేనే అది బతకదు. వాడరేవులో చేపకు ఉప్పు దట్టించి ఎండేసేదీ ఇందుకే. జాడీ మొత్తం పారబోశాను. అప్పటి నుంచి జాడీలో ఉప్పు తగ్గించను, కంచంలో మాగాయ తగ్గించుకుంటున్నాను.

ఇవాళ మూడోనాడు. పిండిన ముక్కలు డాబా మీద చాపలో, ఊట పక్కన బేసిన్లో. సాయంత్రానికి ముక్కలు వంకర తిరిగి, అంచులకు ఉప్పు మెరిసింది. తిరిగి ఊటలో వేశాను. ఇప్పుడు అడ్డుకునే పొర లేదు. పులుపూ ఉప్పూ కలిపి తాగేసి ముక్కలు మెత్తబడుతున్నాయి. కారం, మెంతిపిండి రేపు కలుపుతాను.